‘ఇన్ఫార్మ్’ తర్వాత ‘టు’ ఉండాలా, అక్కర్లేదా?

సందేహాలరావు
ఆఫీసులో ఒక నోటీసు దగ్గర వాదన మొదలై ఇంకా తెగలేదు. ‘ప్లీజ్ ఇన్ఫార్మ్ టు ఆల్ స్టాఫ్’ అని టైప్ చేసి తెచ్చారు. నేను ‘టు’ కొట్టేశాను. మా పై అధికారి మళ్ళీ పెట్టించారు. “తెలియజేయడం అంటే ఎవరో ఒకరికి తెలియజేయడమే కదా, ఆ ‘కి’ ఎక్కడికి పోతుందయ్యా?” అంటారాయన. నాకు తప్పని తెలుసు గానీ ఎందుకు తప్పో చెప్పడం రావట్లేదు.

పనిలో పనిగా అదే ఫైల్లో ఉన్న ఇంకో మూడు వాక్యాలు కూడా చూడండి.
‘హి ఇన్ఫార్మ్డ్ దట్ హి ఈజ్ ఆన్ లీవ్.’
‘ఇట్ ఈజ్ ఇన్ఫార్మ్డ్ దట్ ది మీటింగ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్.’
‘ఇన్ఫార్మ్ హిమ్ టు కమ్ టుమారో.’
వీటిలో ఏది ఒప్పు?

చివరిబెంచీ
ఏదీ కాదు. మూడూ తప్పే.

సందేహాలరావు
మూడూనా? చివరిదాంట్లో ‘టు’ మనిషి ముందు కూడా లేదే!

వ్యాకరణపురుగు
మూడూ తప్పే, కానీ ఒక్కోటి ఒక్కో రకంగా. ‘ఇన్ఫార్మ్’ అనే క్రియకి వెంటనే మనిషి కావాలి. ఎవరికి తెలియజేశామో ఆ మనిషే దానికి కర్మ. మధ్యలో ‘టు’ దూరకూడదు. ఆ తర్వాత విషయం రావాలి. విషయం ఒక మాటగా వస్తే దాని ముందు ‘ఆఫ్’ గానీ ‘అబౌట్’ గానీ ఉండాలి. వాక్యంగా వస్తే ‘దట్’ ఉండాలి. ‘షి ఇన్ఫార్మ్డ్ మీ ఆఫ్ ది చేంజ్’, ‘షి ఇన్ఫార్మ్డ్ మీ దట్ ది టైమ్ హ్యాడ్ చేంజ్డ్’. అంతే.

దీన్ని బట్టి మీ మూడు వాక్యాలు చూడండి. మొదటిదాంట్లో మనిషే లేడు. ఎవర్ని ఇన్ఫార్మ్ చేశాడు? ‘సెడ్’ అయితే మనిషి లేకపోయినా నడుస్తుంది, దీనికి నడవదు. రెండోదాంట్లో మనిషి ఉండాల్సిన చోట ‘ఇట్’ కూర్చుంది. కర్మణి వాక్యంలో ముందుకు రావాల్సింది తెలుసుకున్నవాడు, అంటే ‘వుయ్ వర్ ఇన్ఫార్మ్డ్ దట్’. మూడోదాంట్లో ‘ఇన్ఫార్మ్’ చేత ఆజ్ఞ ఇప్పిస్తున్నారు. ఆ పని దానిది కాదు. సమాచారం అందించడం వరకే దాని బాధ్యత. రమ్మనాలంటే ‘టెల్ హిమ్ టు కమ్’ లేదా ‘ఆస్క్ హిమ్ టు కమ్’.

‘ఇన్ఫార్మ్ మీ ది న్యూస్’ కూడా కుదరదు. ‘టెల్ మీ ది న్యూస్’ కుదురుతుంది.

నిద్రలేని_నీలిమ
‘ఐ టోల్డ్ టు హిమ్’ అనేవాళ్ళ సంగతేంటి మరి? మా క్లాసులో సగం మంది అదే. అదీ ఇదీ ఒకటే జబ్బా?

అనువాదకూలీ
ఒకటే జబ్బు. మూలం ఇంగ్లీషులో లేదు, మన విభక్తిలో ఉంది.

అనువాదాలు దిద్దే పనిలో గమనించిన విషయం చెప్తాను. తెలుగువాళ్ళు అన్ని క్రియల దగ్గరా ‘టు’ పెట్టరు. ఎక్కడ తెలుగులో ‘కి’ వస్తుందో అక్కడే పెడతారు. అతనికి చెప్పాను, కాబట్టి ‘టోల్డ్ టు హిమ్’. అతనికి తెలియజేశాను, కాబట్టి ‘ఇన్ఫార్మ్డ్ టు హిమ్’. అతనికి గుర్తు చేశాను, కాబట్టి ‘రిమైండెడ్ టు హిమ్’. అతనికి ఫోన్ చేశాను, ‘ఫోన్డ్ టు హిమ్’.

ఇప్పుడు ‘హెచ్చరించు’ తీసుకోండి. తెలుగులో అతన్ని హెచ్చరిస్తాం. అక్కడ ‘ని’ వచ్చింది. ‘వార్న్డ్ టు హిమ్’ అనే తెలుగువాడు మీకెప్పుడైనా తగిలాడా? నాకైతే తగల్లేదు. అతన్ని ఒప్పించాను, ‘కన్విన్స్డ్ హిమ్’. అతన్ని అడిగాను, ‘ఆస్క్‌డ్ హిమ్’. ఎవరూ తడబడరు. తమాషా ఏంటంటే వార్న్, కన్విన్స్, రిమైండ్, ఇన్ఫార్మ్, నోటిఫై, అష్యూర్ అన్నీ ఇంగ్లీషులో ఒకే కుటుంబం. అన్నిటికీ మనిషి నేరుగా, విషయం ‘ఆఫ్’ తోనో ‘దట్’ తోనో వస్తాయి. ఆ కుటుంబంలో సగం మందిని మనం ‘ని’ వైపు, సగం మందిని ‘కి’ వైపు పంచుకున్నాం. ‘కి’ వైపు పడ్డవాళ్ళకే ఈ కష్టాలు.

ఇంకొన్ని చోట్ల అదృష్టం కొద్దీ రెండు భాషలూ కలిసొస్తాయి. అతనికి జవాబిచ్చాను అంటే ‘రిప్లైడ్ టు హిమ్’ సరైనదే. అతనికి రాశాను అంటే ‘రోట్ టు హిమ్’ సరైనదే. అందుకే మన అలవాటు తప్పని మనకి తట్టదు, చాలాసార్లు పనిచేసింది కాబట్టి.

చివరిబెంచీ
హెచ్చరించు పరీక్ష అదిరింది. ఇప్పుడే పక్కనున్న ముగ్గురి మీద ప్రయోగించాను. ఒక్కడూ ‘వార్న్డ్ టు’ అనలేదు, ముగ్గురూ ‘ఇన్ఫార్మ్డ్ టు’ అన్నారు.

నిద్రలేని_నీలిమ
అనువాదకూలీ గారూ, మీ సిద్ధాంతానికి ఒక చిల్లు. నాకు వివరించు అంటాం. అక్కడా ‘కి’ జాతి విభక్తే. మీ లెక్క ప్రకారం మనవాళ్ళు ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ’ అని సరిగ్గా అనాలి. కానీ అందరూ ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటారు! ‘సజెస్ట్ మీ ఎ గుడ్ ఫోన్’ సరేసరి.

అనువాదకూలీ
మంచి చిల్లే. దానికి నా దగ్గరున్న జవాబు ఇది: అక్కడ పనిచేసేది తెలుగు కాదు, మనం మొదట నేర్చుకున్న ఇంగ్లీషు. ‘గివ్ మీ’, ‘షో మీ’, ‘టెల్ మీ’ చిన్నప్పటి నుంచి నోటికి అలవాటు. అదే అచ్చులో ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ పోసేస్తాం. కానీ ఆ అచ్చు ఎక్కువగా ఇంగ్లీషు సొంత పొట్టి క్రియలది. లాటిన్ వైపు నుంచి వచ్చిన ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, అనౌన్స్, సజెస్ట్ లాంటివి దాన్ని ఒప్పుకోవు. వాటికి విషయం ముందు, మనిషి తర్వాత, మధ్యలో ‘టు’.

ఈ భాగం మీద నాకు పూర్తి ధీమా లేదు, ఎవరైనా ఇంతకంటే బాగా చెప్తే వింటాను. ‘కి’ సంగతి మాత్రం వదులుకోను.

ఎదురుగాలి
ఇదంతా దేనికి? ‘ఇన్ఫార్మ్ టు ఆల్ స్టాఫ్’ అంటే అర్థం కానివాడు ఆ ఆఫీసులో ఒక్కడున్నాడా? కోట్లమంది ఒకలాగే మాట్లాడుతుంటే అది తప్పెలా అవుతుంది, అది ఇంకో రకం ఇంగ్లీషు అవుతుంది. ‘ప్రీపోన్’ని కూడా ఒకప్పుడు నవ్వారు. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది. ‘ఇన్ఫార్మ్ టు’ కూడా రేపు చేరుతుంది. సందేహాలరావు గారి పై అధికారి కాలం కంటే ముందున్నారు అనుకోండి.

సందేహాలరావు
ఈ పోస్టు మాత్రం ఆయనకి చూపించను.

వ్యాకరణపురుగు
ప్రీపోన్ వేరు. ముందుకు జరపడం అనే అర్థానికి ఇంగ్లీషులో ఒక్క మాటలో తేలిగ్గా దొరికేది లేదు, మనవాళ్ళు ‘పోస్ట్‌పోన్’ చూసి జత కట్టారు. ఖాళీ ఉన్న చోట కొత్త మాట వచ్చింది. ‘ఇన్ఫార్మ్ టు’ ఏ ఖాళీని నింపుతోంది? ఏమీ లేదు, అదనంగా ఒక మాట చేరింది, అంతే.

ఎదురుగాలి
అదనపు మాట ఉంటే తప్పా? ‘డిస్కస్ అబౌట్’ కూడా అదనమే. రోజూ వింటున్నాం, ఆకాశం ఊడి పడలేదు. భాషలో ఖాళీ లేకపోయినా అలవాటు చొరబడుతుంది. పరీక్షలో మార్కులు పోతాయంటే ఒప్పుకుంటా. విదేశీ కంపెనీకి మెయిల్ రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుందంటే అదీ ఒప్పుకుంటా. కానీ నోటీసు బోర్డు మీద తప్పు అనే మాట నాకు పెద్దగా కనిపిస్తోంది.

చివరిబెంచీ
ఎదురుగాలి గారు ‘ఇన్ఫార్మ్ టు’ పార్టీ పెడితే సభ్యత్వం కోసం కోట్లమంది రెడీ. అందరికీ ఇన్ఫార్మ్ చేయడమే ఆలస్యం. సారీ, అందర్నీ.

మాజీవిలేకరి
‘హి ఇన్ఫార్మ్డ్ దట్’ గురించి ఎవరూ ఆగి చూడలేదు. నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువగా వ్యాపించిన తప్పు అదే. మన దేశంలో వచ్చే ఇంగ్లీషు వార్తల్లో ‘ది మినిస్టర్ ఇన్ఫార్మ్డ్ దట్’, ‘ది ఆఫీసర్ ఇన్ఫార్మ్డ్ దట్’ అని తరచూ కనబడుతుంది.

కారణం ఏంటంటే, తెలుగు వార్త రాసేటప్పుడు ‘అన్నారు’ అని పది సార్లు రాస్తే బాగుండదు. అందుకని మా డెస్కులో తెలిపారు, వెల్లడించారు, పేర్కొన్నారు, వివరించారు, స్పష్టం చేశారు అని తిప్పుతూ ఉంటాం. తెలుగులో ‘మంత్రి తెలిపారు’ అంటే ఎవరికి తెలిపారో చెప్పక్కర్లేదు, వాక్యం నిండుగానే ఉంటుంది. అదే వార్తని ఇంగ్లీషులోకి మార్చినప్పుడు ‘తెలిపారు’ చోట ‘ఇన్ఫార్మ్డ్’ పడుతుంది, మనిషి మాత్రం రాడు. ఇంగ్లీషు రిపోర్టరుకి ‘సెడ్’ అనే మాట ఎన్నిసార్లు వచ్చినా మొహం మొత్తదు. అది గాలిలాగా కనబడకుండా పనిచేస్తుంది. మనకి మాత్రం తిప్పకపోతే చెయ్యి ఆగదు.

మనిషి పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ‘సెడ్’, ‘స్టేటెడ్’, ‘అనౌన్స్డ్’ వాడండి. ‘ఇన్ఫార్మ్’ వాడి తీరాలంటే ‘ఇన్ఫార్మ్డ్ రిపోర్టర్స్ దట్’ అనండి.

అనువాదకూలీ
మాజీవిలేకరి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. రెండో వాక్యం, ఆ ‘ఇట్ ఈజ్ ఇన్ఫార్మ్డ్ దట్’ కూడా అలాంటిదే, కాకపోతే అది పత్రికల నుంచి కాదు, సర్కారీ తెలుగు నుంచి వచ్చింది. ‘ఇందుమూలముగా తెలియజేయడమైనది’ అని రాస్తాం చూడండి. అందులో తెలియజేసినవాడూ లేడు, తెలుసుకున్నవాడూ లేడు. పని మాత్రం జరిగిపోయింది! దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే ‘ఇట్ ఈజ్ హియర్‌బై ఇన్ఫార్మ్డ్’.

చివరిబెంచీ
ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఈ దండోరా వాక్యానికి మాత్రం సరైన ఇంగ్లీషు ఉంది. ‘దిస్ ఈజ్ టు ఇన్ఫార్మ్ యూ ఆల్ దట్’. డప్పు ఒక్కటే తక్కువ.

వ్యాకరణపురుగు
నవ్వులాటకన్నా నిజమే అది. ‘దిస్ ఈజ్ టు ఇన్ఫార్మ్ యూ దట్’ తప్పు లేని వాక్యం. ‘ప్లీజ్ బీ ఇన్ఫార్మ్డ్ దట్’ కూడా వ్యాకరణం ప్రకారం ఒప్పే. కొంచెం బిగుసుకుపోయి ఉంటుంది, అంతే. ‘ఇట్’ తోనే మొదలెట్టాలని పట్టుదల ఉంటే ‘ఇట్ ఈజ్ అనౌన్స్డ్ దట్’ అనుకోవచ్చు, ఎందుకంటే అనౌన్స్‌కి విషయమే కర్మ.

సందేహాలరావు
సరే, నా ఫైలు సంగతి ముందు తేల్చండి. ఇలా మార్చాను. ‘ప్లీజ్ ఇన్ఫార్మ్ ఆల్ స్టాఫ్’. ‘హి హ్యాజ్ ఇన్ఫార్మ్డ్ అజ్ దట్ హి ఈజ్ ఆన్ లీవ్’. ‘దిస్ ఈజ్ టు ఇన్ఫార్మ్ యూ దట్ ది మీటింగ్ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్’. ‘ప్లీజ్ ఆస్క్ హిమ్ టు కమ్ టుమారో’. ఇంకేమైనా ఉందా?

వ్యాకరణపురుగు
సంతకం పెట్టించేయండి.

నల్లకోటు
‘ఆఫ్’ కీ ‘అబౌట్’ కీ తేడా ఎవరూ చెప్పలేదు. మా వృత్తిలో అది రోజూ తగిలేదే కాబట్టి నేను చెప్తాను. ఫలానాది జరిగింది, ఫలానాది ఉంది అని ఎరుకపరచడానికి ‘ఆఫ్’. ఒక విషయం గురించిన వివరాలు అందించడానికి ‘అబౌట్’. ‘ఇన్ఫార్మ్డ్ ఆఫ్ హిజ్ డెత్’ అంటే చనిపోయారన్న కబురు అందింది. ‘ఇన్ఫార్మ్డ్ అబౌట్ ది స్కీమ్’ అంటే పథకం ఎలా పనిచేస్తుందో చెప్పారు. మామూలు మాటల్లో రెండూ కలిసిపోతాయి. చట్టాల్లో మాత్రం ‘ఆఫ్’ దే రాజ్యం.

మన రాజ్యాంగం 22వ అధికరణం చూడండి. అరెస్టయిన మనిషిని ‘బీయింగ్ ఇన్ఫార్మ్డ్, యాజ్ సూన్ యాజ్ మే బీ, ఆఫ్ ది గ్రౌండ్స్ ఫర్ సచ్ అరెస్ట్’ లేకుండా నిర్బంధంలో ఉంచకూడదు. ‘ఇన్ఫార్మ్డ్’ కీ ‘ఆఫ్’ కీ మధ్య అయిదు మాటలు దూరినా ‘ఆఫ్’ జారిపోలేదు. 1966లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో 9వ అధికరణం కూడా ఇదే మాట వాడింది. అరెస్టు చేసేటప్పుడు కారణాలు, ఆ తర్వాత వెంటనే ఆరోపణలు తెలియజేయాలి, రెండు చోట్లా ‘ఇన్ఫార్మ్డ్ ఆఫ్’. అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు మిరాండా కేసులో తీర్పిచ్చింది. పోలీసు కస్టడీలో ప్రశ్నించే ముందు మౌనంగా ఉండే హక్కు ఉందనీ లాయరు హక్కు ఉందనీ మనిషికి చెప్పి తీరాలన్నది.

ఈ చోట్లన్నిట్లోనూ ‘టెల్’ కాకుండా ‘ఇన్ఫార్మ్’ ఎందుకంటే, ఇక్కడ ఎవరో ఏదో అన్నారన్నది చాలదు. అవతలి మనిషికి విషయం చేరాలి. ఆ మనిషి కర్మగా నేరుగా ఉండటంలో అర్థం ఉంది.

ఎదురుగాలి
ఇది బాగుంది. ‘టు’ లేకపోవడానికి మొదటిసారి నాకు నచ్చే కారణం వినబడింది.

వ్యాకరణపురుగు
గంట నుంచి నేను చెప్పింది గోడకి చెప్పినట్టేనా?

స్టెతస్కోపు
నల్లకోటు గారి మాటకి మా వైపు నుంచి ఒక జోడింపు. ‘ఇన్ఫార్మ్డ్ కన్సెంట్’ కూడా ఈ క్రియ నుంచే. ఆ మాట 1957లో కాలిఫోర్నియా కోర్టు తీర్పులో, సాల్గో కేసులో, వాడిన దగ్గర్నుంచి చట్టంలో నిలబడిపోయింది. పేషెంటు సంతకం పెట్టినంత మాత్రాన సరిపోదు. ఆపరేషన్ ఏంటి, ప్రమాదం ఎంత, వేరే దారి ఉందా అన్నది తెలిసి పెట్టాలి. కాగితం చేతిలో పెట్టి ‘ఇక్కడ సంతకం’ అనడం ‘కన్సెంట్’ కావచ్చేమో గానీ ‘ఇన్ఫార్మ్డ్’ కాదు. ఇక్కడ ‘ఇన్ఫార్మ్డ్’ అంటే ఎవరో వచ్చి చెప్పారని కాదు, విషయం ఎరిగి ఉన్న స్థితి అని. ‘ఇన్ఫార్మ్డ్ డెసిషన్’, ‘వెల్ ఇన్ఫార్మ్డ్ పర్సన్’ అన్నీ ఈ కోవలోవే.

నిద్రలేని_నీలిమ
ఇదంతా సరే, మెయిల్లో వాడొచ్చా వద్దా? మా టీమ్‌లో ఒకమ్మాయి మేనేజరుకి ‘ఐ యామ్ ఇన్ఫార్మింగ్ యూ దట్ ఐ విల్ బీ ఆన్ లీవ్ టుమారో’ అని పెట్టింది. వ్యాకరణం అంతా కరెక్టే. ఆయన మొహం మాత్రం మాడిపోయింది. “అడగట్లేదు, ఆర్డర్ వేస్తోంది” అన్నాడట.

అనువాదకూలీ
తెలుగులో చెప్పడానికి మెట్లున్నాయి. కింద నుంచి పైకి అయితే విన్నవించుకుంటాం, మనవి చేస్తాం. పై నుంచి కిందకి అయితే సెలవిస్తారు. సమానులైతే చెప్పుకుంటారు. ‘ఇన్ఫార్మ్’ లో మెట్లు లేవు, కానీ బల్ల ఉంది. అవతలి మనిషిని బల్లకి అటువైపు కూర్చోబెడుతుంది. సంస్థ మనిషికి రాసేటప్పుడు పర్వాలేదు. రోజూ పలకరించుకునే ఇద్దరి మధ్య అయితే చలిగా ఉంటుంది. ‘జస్ట్ టు లెట్ యూ నో’ అంటే చాలు. సెలవు కావాలంటే అసలు అడగడమే మంచిదనుకోండి.

చివరిబెంచీ
‘లెట్ మీ టు నో’ అని రాసేవాళ్ళు నాకు తెలుసు. మళ్ళీ ‘టు’! ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ దూరుతుంది.

మాజీవిలేకరి
ఇంట్లో ‘ఐ ఇన్ఫార్మ్డ్ మై మదర్ దట్ ఐ వజ్ స్లీపీ’ అంటే ఏదో పంచాయితీ జరిగినట్టుంటుంది. ఇంగ్లీషు కథల్లో ఈ క్రియని ఇలా కావాలనే వాడతారు. చిన్నపిల్లాడు పెద్దమనిషి తరహాలో ప్రకటన చేస్తే ‘హి ఇన్ఫార్మ్డ్ మీ దట్ హి వజ్ నాట్ ఎ బేబీ’ అని రాస్తే నవ్వొస్తుంది. ‘టోల్డ్ మీ’ అంటే ఆ నవ్వు రాదు.

సందేహాలరావు
మా ఫైల్లో అన్నిచోట్లా ‘ఇంటిమేట్’ ఉంటుంది. ‘కైండ్లీ ఇంటిమేట్ ది సేమ్’. అది ఇన్ఫార్మ్ కంటే మర్యాదా?

అనువాదకూలీ
అయ్యో, దాని జోలికి జాగ్రత్తగా వెళ్ళాలి. మన దేశపు ఆఫీసుల్లో ‘ఇంటిమేట్’ అంటే తెలియజేయడం. బ్రిటన్లో, అమెరికాలో ఇవాళ ఆ క్రియ వింటే ముందు తట్టేది సూచాయగా చెప్పడం, నేరుగా అనకుండా తెలిసేలా చేయడం. లాటిన్ మూలంలో తెలియజేయడం అనే అర్థమే ఉంది కాబట్టి మనది పుట్టుక లేని ప్రయోగమేమీ కాదు. కానీ ‘ప్లీజ్ ఇంటిమేట్ మీ’ అని బయటి దేశం వాళ్ళకి పంపితే, వాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆ మాటకున్న విశేషణం అర్థం. దగ్గరితనం, సాన్నిహిత్యం... మిగతాది మీరే ఊహించుకోండి.

ఇంకోటి, క్రియ అయితే చివర ‘మేట్’ అని సాగుతుంది. విశేషణం అయితే ‘మిట్’ అని తేలిపోతుంది. సెపరేట్ కూడా అంతే, చివర సాగితే క్రియ, తేలిపోతే విశేషణం. ఎస్టిమేట్‌లో తేలిపోయేది నామవాచకం.

చివరిబెంచీ
దీని మీద వేరే థ్రెడ్ పెట్టకండి, మోడరేటర్లకి నిద్రుండదు.

నల్లకోటు
‘అప్రైజ్’ కూడా ఇదే జాతి. ‘అప్రైజ్ ది కోర్ట్ ఆఫ్ ది ఫ్యాక్ట్స్’. మనిషి నేరుగా, విషయం ‘ఆఫ్’ తో. దాన్ని ‘అప్రెయిజ్’ తో కలిపేవాళ్ళు బోలెడు. అది విలువ కట్టడం. జీతం పెంచే ముందు చేసేది. కోర్టుకి వాస్తవాలు తెలియజేయమంటే కోర్టుకే విలువ కట్టి వస్తారు.

ఎదురుగాలి
నాకో అనుమానం. ‘హి టోల్డ్ మీ ఎ లై’ అంటాం. ‘హి ఇన్ఫార్మ్డ్ మీ’ అన్నామంటే చెప్పింది నిజమని మనం ఒప్పుకున్నట్టేనా?

వ్యాకరణపురుగు
దాదాపుగా. ‘ఇన్ఫార్మ్’ అంటే అవతలివాడికి ఒక తెలివిడి కలిగిందని ధ్వని. అబద్ధంతో తెలివిడి ఎలా కలుగుతుంది? అందుకే ‘ఇన్ఫార్మ్డ్ మీ ఆఫ్ ఎ లై’ అంటే ఎవరో ఆడిన అబద్ధం గురించి నాకు కబురిచ్చాడని అవుతుంది, అబద్ధం చెప్పాడని కాదు.

మాజీవిలేకరి
అంత గట్టిగా అనకండి. ‘ఐ వజ్ రాంగ్లీ ఇన్ఫార్మ్డ్’ అనే వాక్యం తప్పా? తప్పుడు సమాచారం అందిందని అందరూ రాస్తారు. నిజమే ఉండాలన్నది క్రియలో ఉంటే ‘రాంగ్లీ’ అతకనే కూడదు.

వ్యాకరణపురుగు
‘రాంగ్లీ’ అని విడిగా చెప్పాల్సి వచ్చిందంటేనే మామూలుగా నిజమని కదా లెక్క! ‘మిస్ఇన్ఫార్మ్’ అనే వేరే మాట పుట్టింది కూడా అందుకే.

మాజీవిలేకరి
మామూలుగా అంటే ఒప్పుకుంటాను. తప్పనిసరిగా అంటే ఒప్పుకోను. అన్నట్టు తెలియక తప్పు చేరవేస్తే ‘మిస్ఇన్ఫర్మేషన్’, కావాలని మోసం చేయడానికి పుట్టిస్తే ‘డిస్ఇన్ఫర్మేషన్’. డెస్కులో ఈ రెండూ కలిపేస్తే మా పాత ఎడిటర్ గారు కాగితం విసిరేవారు. ‘ఇన్ఫర్మేషన్స్’ అని బహువచనం రాస్తే పేపర్‌వెయిట్ కూడా.

నిద్రలేని_నీలిమ
ఎవరైనా ఇది చెప్పండి. ఒక సమీక్షలో ‘హర్ చైల్డ్‌హుడ్ ఇన్ఫార్మ్స్ హర్ పోయెట్రీ’ అని చదివాను. బాల్యం కవిత్వానికి ఏం తెలియజేస్తుంది? ఇక్కడ మనిషి కూడా లేడు, విషయం కూడా లేదు. వ్యాకరణపురుగు గారు చెప్పిన రూలు మొత్తం గల్లంతు.

అనువాదకూలీ
ఇదే నాకు ఈ క్రియలో బాగా ఇష్టమైన చోటు. లాటిన్లో ‘ఇన్‌ఫార్మారే’ అంటే ఆకారం ఇవ్వడం, రూపు దిద్దడం. ‘ఫార్మ్’ అందులో కనబడుతూనే ఉంది. పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దపు ఇంగ్లీషులోకి వచ్చింది. మనసుకి రూపు దిద్దడం అంటే బోధించడం, బోధించడం అంటే తెలియజేయడం, అలా జరుగుతూ ఇవాళ్టి ఆఫీసు నోటీసు దాకా దిగింది. కానీ పాత అర్థం పూర్తిగా చావలేదు. మీ సమీక్షలో ఉన్నది అదే. బాల్యం ఆమె కవిత్వానికి లోపలి నుంచి ఒక తీరు ఇచ్చింది, కవిత్వం నిండా అది పరుచుకుని ఉంది అని. తెలుగులో పెట్టాలంటే ‘ఆమె కవిత్వానికి బాల్యమే ఊపిరి’ అనో, ‘ఆమె కవిత్వమంతా బాల్యం ఛాయ ఉంది’ అనో సందర్భాన్ని బట్టి మార్చుకుంటాను. ‘తెలియజేస్తుంది’ అని రాసిన అనువాదాలు నా దగ్గరికి వస్తుంటాయి. ఎర్ర పెన్ను తీస్తాను.

ఇలా వాడినప్పుడు కర్మ మనిషి కాదు, పని. ‘ఆఫ్’ అక్కర్లేదు, ‘దట్’ అక్కర్లేదు.

చివరిబెంచీ
మరి ‘టెల్’ కి కూడా ఇలాంటి పూర్వజన్మ ఉందా?

అనువాదకూలీ
ఉంది. పాత ఇంగ్లీషులో ‘టెల్లన్’ అంటే లెక్కపెట్టడం కూడా. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టే మనిషిని ‘టెల్లర్’ అనేది అందుకే. ‘అన్‌టోల్డ్ వెల్త్’ అంటే ఎవరికీ చెప్పని డబ్బు కాదు, లెక్కలేనంత డబ్బు. జర్మన్లో ‘త్సేలెన్’ అంటే లెక్కించడం, ‘ఎర్‌త్సేలెన్’ అంటే కథ చెప్పడం, ఇవన్నీ చుట్టాలే.

చివరిబెంచీ
బ్యాంకులో టెల్లర్ అంటే బ్యాలెన్స్ చెప్పేవాడు అనుకున్నా ఇన్నాళ్ళూ. ఒకందుకు నయం, నా ఖాతాలో లెక్కపెట్టడానికీ ఏం లేదు, చెప్పడానికీ ఏం లేదు.

నిద్రలేని_నీలిమ
‘ఇన్ఫార్మ్ ఆన్’ అని కూడా ఉంది కదా? ఇన్ఫార్మర్ అనే మాట అక్కడి నుంచేనా?

నల్లకోటు
అవును. ‘హి ఇన్ఫార్మ్డ్ ఆన్ హిజ్ ఫ్రెండ్స్’ అంటే స్నేహితుల గుట్టు పోలీసులకి చేరవేశాడని. ‘ఎగెనెస్ట్’ కూడా వాడతారు. ఇక్కడ మాత్రం ‘ఆన్’ తర్వాత వచ్చే మనిషి సమాచారం అందుకున్నవాడు కాదు, బలైనవాడు. కాబట్టి ‘ఇన్ఫార్మ్డ్ మీ’ కీ ‘ఇన్ఫార్మ్డ్ ఆన్ మీ’ కీ మధ్య ఉన్న తేడా బెయిలు దాకా వెళ్తుంది.

చివరిబెంచీ
అయితే ‘టు’ పెడితే నవ్వుతారు, ‘ఆన్’ పెడితే లోపలేస్తారు.

నిద్రలేని_నీలిమ
మరి పోలీసుల దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చిన మామూలు మనిషిని కూడా ఇన్ఫార్మర్ అనాలా?

నల్లకోటు
అలా అంటే కొడతారు. ఎఫ్ఐఆర్‌లో మొదట సమాచారం ఇచ్చిన మనిషిని ‘ఇన్ఫార్మెంట్’ అంటాం. అందులో తప్పుడు అర్థం ఏమీ లేదు.

అనువాదకూలీ
భాషా పరిశోధకులు కూడా తమకి మాటలు, ఉచ్చారణ చెప్పిన స్థానికుల్ని ‘ఇన్ఫార్మెంట్’ అనేవాళ్ళు. ఇప్పుడు చాలామంది ‘కన్సల్టెంట్’ అంటున్నారు, గూఢచారి వాసన తగలకుండా.